మా మావయ్య ఒప్పుకోని నా బాప్తిస్మం

ఒడిశాలోని మా రాయగడలో స్థిరపడిన తెలుగు క్రైస్తవ కుటుంబాన్ని దేన్నైనా తీసుకొని రెండు తరాలు వెనక్కు వెళ్తే, అందులో ఒకే సంఘానికి చెందినవారు మాత్రమే కనబడడం అరుదు. తండ్రి వైపువారు సాలూరు ప్రాంతపు లూథరన్లయితే తల్లి వైపువారు పర్లాకిమిడి బాప్టిస్టులై ఉంటారు. పెదనాన్నగారి పిల్లలు ఆర్‌సిఎం, అంటే రోమన్ కాథలిక్ మిషను బడిలో చదువుకొని అక్కడి పూజకు అలవాటుపడి ఉంటారు. తమ్ముడో మరదలో కొన్నేళ్లుగా పెంతెకోస్తు సహవాసానికి వెళ్తూ ఉంటారు. మా ఇల్లు కూడా అటువంటిదే. క్రిస్మసుకూ పెళ్లికీ భూస్థాపనకూ అందరమూ ఒకచోట చేరి, ఒకే పాటలు పాడి, ఒకే పందిరి కింద భోంచేస్తాము. ప్రభువు బల్ల దగ్గర, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభురాత్రి భోజనం దగ్గర మాత్రం అందరమూ కలిసి నిలబడలేము. మొదటి సంగతిని చూపించి రెండవదాన్ని పట్టించుకోనక్కర లేదనేవారు మా ఊళ్లో చాలామంది ఉన్నారు. రెండవదాన్ని చూపించి మొదటిదంతా నటన అనేవారు కొద్దిమంది ఉన్నారు. నేను ఈ రెండు మాటలనూ అంగీకరించలేను. సిద్ధాంత భేదాన్ని దాచిపెట్టి చేసే సహకారం ఎక్కువకాలం నిలవదని, ఆ భేదాన్ని బయటికి చెప్పి, అవతలివారు చెప్పేది పూర్తిగా విని, ఎక్కడ కలవగలమో ఎక్కడ కలవలేమో ముందే తేల్చుకున్నవారే మా ప్రాంతంలో కలిసి పనిచేయగలిగారని నా నమ్మకం. అలా ఎందుకు నమ్ముతున్నానో కొంచెం వివరంగా రాస్తాను.

మా సరిహద్దు జిల్లాల్లో ఎవరు ఏ సంఘస్థులయ్యారన్నది చాలావరకు వారి తాతముత్తాతలు ఏ తాలూకాలో పుట్టారన్నదాన్ని బట్టే తేలిపోయింది. ఉత్తర జర్మనీలోని బ్రెక్లుంలో 1876లో క్రిస్టియన్ యెన్సెన్ అనే సంఘకాపరి ఒక మిషను స్థాపించాడు. ఆ మిషను పంపిన ఎర్నెస్ట్ పోల్, హెర్మన్ బోత్మన్ 1882లో మా వైపు వచ్చి కోరాపుట్‌లో పని మొదలుపెట్టారు. సాలూరు, పార్వతీపురం వంటి తెలుగు ఊళ్లకూ కొండ గ్రామాలకూ విస్తరించిన ఆ పని 1928లో జయపురం ఇవాంజెలికల్ లూథరన్ చర్చిగా, అంటే మేము జెఇఎల్‌సి అని పిలుచుకునే సంఘంగా రూపొందింది. సముద్రతీరం వైపున, కాకినాడలో తెలుగువాడైన తోమస్ గాబ్రియేలు ఆరంభించిన పనిని 1874లో కెనడియన్ బాప్టిస్టులు చేపట్టి, ఉత్తరాన శ్రీకాకుళం, పర్లాకిమిడి దాకా వచ్చారు. అక్కడినుంచి సవర గిరిజనుల కొండల్లోకి, సెరంగోకు వెళ్లారు. ఒక మిషను పనిచేస్తున్న చోట మరొక మిషను సంఘం స్థాపించకూడదని ప్రొటెస్టంటు మిషన్లు తమలో తాము ఒప్పందాలు చేసుకున్నాయి. కాథలిక్కులు ఆ ఒప్పందాల్లో లేరు. ఆ విధంగా ఒక ఊరివారు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇప్పించే లూథరన్లయ్యారు, కొండకు అవతలి ఊరివారు పెద్దయ్యాకనే ముంచి ఇచ్చే బాప్టిస్టులయ్యారు. వారిలో చాలామందికి రెండింటినీ పక్కపక్కన చూసి ఎంచుకునే అవకాశం కలగలేదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని భాగమే కాబట్టి ప్రభుత్వ కచేరీల్లో తెలుగు నడిచేది, తెలుగువారి రాకపోకలు సాగేవి. తరువాతి కాలంలో రైలు మార్గం, జేకేపూర్ కాగితపు మిల్లు, ప్రభుత్వోద్యోగాలు మనుషుల్ని ఇంకా కలిపేశాయి. శ్రీకాకుళం బాప్టిస్టు ఒకరు రాయగడకు ఉద్యోగానికి వస్తే ఆయనకు దొరికే తెలుగు ఆరాధన లూథరన్లదే అయ్యేది. భాష కోసం ఆయన అక్కడికి వెళ్లాడు, పాటలు తెలిసినవే కాబట్టి ఇమిడిపోయాడు, కొన్నేళ్లకు అక్కడి కుటుంబంతోనే వియ్యమందాడు. బిడ్డ పుట్టిన రోజున ఆ ఇంట్లో అసలు ప్రశ్న మొదలయింది.

మా ఇంట్లో కూడా అలాగే మొదలయింది. మా అమ్మ పర్లాకిమిడి వైపు బాప్టిస్టు కుటుంబంలో పుట్టి, ఊహ తెలిసిన వయసులో సంఘం ఎదుట తన నోటితో విశ్వాసాన్ని ఒప్పుకొని, ఏటిలో బాప్తిస్మం పొందినది. మా నాన్నగారు తల్లి ఒడిలో ఉండగానే బాప్తిస్మం పొందినవారు. నేను పుట్టినప్పుడు జరిగిన వాదాన్ని పెద్దవాళ్లు మా దగ్గర ఎన్నడూ దాచలేదు. దేవుని కృప బిడ్డ జవాబు చెప్పగలిగే దాకా ఆగదని, అడగకముందే వచ్చేదే కృప అని తాతయ్య అనేవారట. బిడ్డను మందిరానికి తీసుకువెళ్లి దేవునికి ప్రతిష్ఠ చేయిద్దాము, ప్రార్థన చేయిద్దాము, బాప్తిస్మం మాత్రం వాడు నమ్మి అడిగిన నాడు పొందాలని అమ్మ అనేదట. చివరికి నాన్నగారి సంఘంలోనే నాకు బాప్తిస్మం జరిగింది. ముందురోజు అమ్మ మా సంఘకాపరి అయ్యగారి దగ్గరకు వెళ్లి, “నా బిడ్డ కోసం సంఘమంతా ప్రార్థన చేస్తుంది కాబట్టి నేనూ వచ్చి నిలబడతానండీ. ఇది బాప్తిస్మమని మాత్రం నా మనస్సాక్షి ఒప్పుకోవడం లేదు. ఆ సంగతి మీకు చెప్పకుండా నిలబడితే అబద్ధమాడినట్టవుతుంది” అని చెప్పింది. అయ్యగారు ఆమెను కోపగించుకోలేదు. ఆమె మాటను తేలికగానూ తీసుకోలేదు. తల్లి చెప్పవలసిన జవాబులను తండ్రిచేతా జ్ఞాన తల్లిదండ్రులచేతా చెప్పించి, ఆమె కోసం వేరుగా ప్రార్థన చేశారు. ఆ సంఘంలో ఆమె చనిపోయేదాకా స్త్రీల సమాజంలో పనిచేసింది. ఆమె నమ్మకం ఏమిటో అందరికీ తెలుసు కాబట్టి ఆమెను అనుమానించవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

అమ్మకు అన్నగారైన మా మావయ్య తన బాప్టిస్టు సంఘంలో పెద్ద. పసితనంలో బాప్తిస్మం పొందినవారు పెద్దయ్యాక తమ నోటితో విశ్వాసం ఒప్పుకునే కన్ఫర్మేషనుకు ప్రశ్నోత్తరాలు వల్లిస్తున్న రోజుల్లో నేను ఆయనను నేరుగానే అడిగాను.

“మావయ్యా, నాకు బాప్తిస్మం అయినట్టా, కానట్టా?”

“కానట్టే నాయనా. నేను అలాగే నమ్ముతున్నాను. నువ్వు అడిగావు కాబట్టి చెప్పాను. అలాగని నువ్వు క్రీస్తువాడివి కావని నేను అనను, నా ముందు ఇంకెవరైనా అంటే ఊరుకోను.”

ఆ తరువాత మా ఇద్దరి మధ్య ఆ వాదం కొన్నేళ్లపాటు సాగింది. పెంతెకోస్తు దినాన పేతురు ముందు మారుమనస్సు అన్నాడు, తరువాత బాప్తిస్మం అన్నాడు, ఆ వరుస చూడమని ఆయన అనేవారు. ఆ మరుసటి వచనంలోనే ఈ వాగ్దానం మీకును మీ పిల్లలకును అన్నాడు కదా అని నేను అనేవాడిని. ఫిలిప్పీ చెరసాల నాయకుడి ఇంటివారందరూ ఆ రాత్రే బాప్తిస్మం పొందారన్న మాట నేను ఎత్తితే, ఆ ఇంటివారందరూ వాక్యం విన్నారని కూడా అక్కడే రాసి ఉందని ఆయన చూపించేవారు. ఇద్దరమూ ఒకే తెలుగు బైబిలు తిరగేసేవాళ్లం. ఆయనతో వాదించబట్టే నేను లూథరన్ బోధను నిజంగా నేర్చుకున్నానని చెప్పగలను, ఎందుకంటే సంఘంలో ఎవరూ వేయని ప్రశ్నలు ఆయన వేసేవారు. ఆయన బ్రతికి ఉన్నంతకాలం నన్ను నీళ్లలోకి దిగమని ఒక్కసారి కూడా అడగలేదు. తన నమ్మకాన్ని నాకోసం కొంచెం కూడా తగ్గించి చెప్పనూ లేదు.

ఇవన్నీ యూరోపువాళ్ల తగాదాలు, రాగులూ వరీ పండించుకునే మనకెందుకని మా ఊళ్లో చదువుకున్న యువకులు తరచుగా అంటారు. సంఘాల పేర్లూ వాటి హద్దులూ బయటినుంచి వచ్చినవే. ఆ పేర్ల వెనుక ఉన్న ప్రశ్నలు మాత్రం మనవే. మలేరియా వల్ల పసిబిడ్డలను పోగొట్టుకున్న తల్లులు ఈ కొండ ప్రాంతంలో ఎందరో ఉన్నారు. అయ్యగారు గ్రామానికి వచ్చేలోపే, బాప్తిస్మం పొందకుండానే బిడ్డ చనిపోతే, ఆ తల్లి అడిగే ప్రశ్నకు ప్రతి సంఘకాపరీ జవాబు చెప్పవలసిందే. బాప్తిస్మాన్ని మనం నిర్లక్ష్యం చేయకూడదు గాని దేవుడు తన కనికరాన్ని దానికి కట్టివేసుకోలేదని లూథరన్ కాపరి చెబుతాడు. ఆ బిడ్డకు బాప్తిస్మమే అవసరం లేదు, ప్రభువు చిన్నపిల్లలను తన దగ్గరకు రానిమ్మన్నాడని బాప్టిస్టు కాపరి చెబుతాడు. రెండూ ఓదార్పు మాటలే అయినా, బాప్తిస్మంలో దేవుడు ఏమి చేస్తున్నాడు అన్నదాని మీద రెండూ వేరువేరు పునాదులపై నిలుచున్నాయి. ఆ తల్లి తరువాతి బిడ్డను మందిరానికి తీసుకువెళ్లేటప్పుడు భయంతో వెళ్తుందా, కృతజ్ఞతతో వెళ్తుందా, వెళ్లకుండా ఆగుతుందా అన్నది తాను విన్న జవాబును బట్టి ఉంటుంది. దీన్ని పట్టించుకోనక్కర లేని విషయమని ఆమె ముందు నిలబడి ఎవరు అనగలరు?

బల్ల విషయం కూడా అంతే. 1529 అక్టోబరులో జర్మనీలోని మార్బర్గ్ కోటలో సంఘ సంస్కర్తలైన లూథరూ జ్వింగ్లీ కూర్చుని, 15 అంశాల్లో 14 అంశాల మీద ఏకీభవించి, చివరిదైన ప్రభురాత్రి భోజనంలో కూడా చాలావరకు కలిసి, క్రీస్తు శరీరమూ రక్తమూ ఆ రొట్టెలో, ద్రాక్షారసంలో నిజంగా ఉన్నాయా అన్నచోట విడిపోయారు. అంత చిన్నదానికి విడిపోవాలా అని మా యువకులు అడుగుతారు. ఆదివారం మోకరించి చేయి చాచిన మనిషికి తన చేతిలో పడేది ఏమిటన్నది చిన్న ప్రశ్న అని నేను అనుకోను, కాబట్టి ఆ ఇద్దరూ దాన్ని ముఖ్యమనుకోవడాన్ని తప్పుపట్టను. ఏకీభవించిన పద్నాలుగింటిని ఆధారం చేసుకొని కలిసి ఏమి చేయవచ్చో వారు ఆలోచించి ఉంటే తరువాతి వందల ఏళ్లు ఎంత మారిపోయేవో కదా అన్న బాధ మాత్రం నాకు ఉంది.

మా పట్టణంలో ఈ భేదాలు ఎంత చిత్రంగా అల్లుకొని ఉన్నాయో గమనిస్తే, ఎవరు మనకు దగ్గర, ఎవరు దూరం అని చెప్పడం కూడా సులువు కాదు. నీళ్లతో, త్రిత్వ నామంలో జరిగిన నా బాప్తిస్మాన్ని రోమన్ కాథలిక్ సంఘం అంగీకరిస్తుంది. నేను రేపు ఆర్‌సిఎంలో చేరినా నాకు మళ్లీ బాప్తిస్మం ఇవ్వదు. అయినా ఆ సంఘం నన్ను తన బల్లకు పిలవదు. మావయ్యగారి సంఘం నా బాప్తిస్మాన్ని లెక్కలోకి తీసుకోదు గాని, ప్రభువును నమ్మినవాడివైతే రమ్మని బల్లకు పిలుస్తుంది. ఒకరు నేను ఇంటివాడినని ఒప్పుకొని భోజనానికి ఆగమంటున్నారు, మరొకరు ఇంకా ఇంట్లోకి రాలేదంటూనే పీట వేస్తున్నారు. వారిద్దరూ తమ తమ బోధకు కట్టుబడే అలా చేస్తున్నారు. బల్లకు పిలవని కాథలిక్ ఫాదరు గారిని గర్విష్ఠి అని మావాళ్లు కొందరు విమర్శిస్తే నాకు కష్టంగా ఉంటుంది. కలిసి బల్ల తీసుకోవడం ఐక్యత పూర్తయిన తరువాత జరగవలసినదని ఆయన సంఘం నేర్పుతోంది. పూర్తి కాని ఐక్యతను పూర్తయినట్టు చూపించడానికి ఆయన మనస్సాక్షి ఒప్పుకోదు.

ఒప్పుకోని విషయాన్ని ఒప్పుకోనిదిగానే ఉంచి ముందుకు వెళ్లడం సాధ్యమేనని చూపించినవారు లేకపోలేదు. 1970 నవంబరు 29న నాగపూర్‌లో ఆరు సంఘాలు కలిసి చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియాగా (సిఎన్ఐ) ఏర్పడినప్పుడు, వాటిలో పసిబిడ్డలకు బాప్తిస్మమిచ్చే ఆంగ్లికన్లూ ఉన్నారు, బాప్టిస్టులూ ఉన్నారు. శిశువులకు బాప్తిస్మం ఇవ్వడాన్నీ, విశ్వాసం ఒప్పుకొన్న తరువాత ఇవ్వడాన్నీ రెండింటినీ ఆ సంఘం తన నియమావళిలోనే స్వీకరించింది. శిశు బాప్తిస్మం ఇవ్వడానికి ఏ కాపరి మనస్సాక్షి అయినా ఒప్పుకోకపోతే అతడు మరొక కాపరిని పిలిచే వీలు కల్పించింది. అంతకుముందు 1947 సెప్టెంబరు 27న చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సిఎస్ఐ) ఏర్పడినప్పుడు మా లూథరన్లు గాని, కెనడియన్ బాప్టిస్టుల సంఘాలు గాని అందులో చేరలేదు. లూథరన్లకూ సిఎస్ఐకీ మధ్య ఏళ్ల తరబడి సిద్ధాంత చర్చలు జరిగి, చాలా అంశాల మీద ఒప్పుకోలు కుదిరినా, రెండు సంఘాలూ ఒకటి కాలేదు. కొందరు దాన్ని వైఫల్యమంటారు. ఆ చర్చల వల్ల ఒకరి బోధను మరొకరు తప్పుగా చెప్పడం తగ్గింది కాబట్టి అది వృథాప్రయాస అని నేను అనను.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది 2010 జూలైలో స్టుట్‌గార్ట్‌లో జరిగినది. మా జెఇఎల్‌సి కూడా సభ్యురాలైన లూథరన్ వరల్డ్ ఫెడరేషన్ తన మహాసభలో, పదహారవ శతాబ్దంలో లూథరన్లు, పసిబిడ్డల బాప్తిస్మాన్ని ఒప్పుకోని అనబాప్టిస్టులను హింసించినందుకు, ఆ హింసను వేదాంతంతో సమర్థించినందుకు, వారి వారసులైన మెన్నోనైట్లను దేవుని ఎదుట క్షమాపణ అడిగింది. లూథరన్ల మూల విశ్వాస పత్రమైన 1530నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన తొమ్మిదవ అంశంలో, పసిబిడ్డల బాప్తిస్మాన్ని నిరాకరించేవారిని ఖండించే మాట ఇప్పటికీ ఉంది. లూథరన్లు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వడమూ మానలేదు. బోధను వదులుకోకుండానే, ఆ బోధ పేరుతో చేసిన అన్యాయాన్ని ఒప్పుకున్నారు. అంతకు ముందు, 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లోనే, విశ్వాసం వల్ల నీతిమంతులుగా తీర్చబడడం గురించి కాథలిక్కులూ లూథరన్లూ ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. అందులో కూడా ఇంకా తేలని భేదాలను దాచకుండా రాశారు. మా రాయగడ సంఘాల్లో ఈ రెండింటి గురించీ ఏనాడూ ప్రసంగం వినబడలేదన్నది నాకున్న నిజమైన ఫిర్యాదు.

కలిసి చేసిన పనులు మా వైపు తక్కువేమీ కాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం లూథరన్ల చేతిలోనూ బాప్టిస్టుల చేతిలోనూ ఒకటే. అందులో ఎన్నో కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటక్‌లో బాప్టిస్టు మిషనరీల వద్ద బాప్తిస్మం పొందినవాడు. ఆయన కీర్తన లేని లూథరన్ ఆరాధన మా ఊళ్లో ఊహించలేము. 1964లో రాజమండ్రిలో మొదలై తరువాత హైదరాబాదుకు మారిన ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీలో లూథరన్లు, బాప్టిస్టులు, సిఎస్ఐవారు ఒకే తరగతిలో కూర్చుని చదివారు కాబట్టి, మా తెలుగు అయ్యగార్లలో కొందరికి అవతలి సంఘం కాపరి పాత సహపాఠీయే. మా జిల్లాలోని బిస్సం కటక్ క్రిస్టియన్ ఆసుపత్రిని 1954లో డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ ఎలిజబెత్ మాడ్సెన్ స్థాపించింది; అక్కడ మంచం మీద ఉన్న రోగికి మందు ఇచ్చేవారు ఏ సంఘంవారని ఎవరూ అడగరు. మార్చి మొదటి శుక్రవారం లోకప్రార్థన దినానికి స్త్రీలు అన్ని సంఘాల నుంచీ వస్తారు.

ఇటువంటి పనుల్లో కూడా సిద్ధాంతం పక్కన కూర్చునే ఉంటుందని తిత్లీ తుఫాను మాకు చూపించింది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన ఆ తుఫాను గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. బరఘర గ్రామంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. మా పట్టణంలోని సంఘాలవారు కలిసి బియ్యం, పప్పు, దుప్పట్లు పోగుచేశారు. బండి బయలుదేరే ముందు, పంచిన చోట ప్రార్థన చేసి వాక్యం చెప్పాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది. ఆకలిగా ఉన్న మనిషి ముందు బియ్యం పెట్టి వాక్యం చెబితే వాడు వినకుండా ఉండలేడు, అది వాక్యానికే అవమానమని లూథరన్లూ కాథలిక్కులూ అన్నారు. ప్రాణాలు పోయిన చోట ప్రభువు పేరు ఎత్తకుండా ఎలా తిరిగి వస్తామని పెంతెకోస్తు సహోదరులు అడిగారు. దాంట్లో మొండితనం లేదు; ఆత్మల రక్షణ గురించి వారు నమ్మేది అదే. మా రాష్ట్రంలో ప్రలోభపెట్టి మతం మార్పించడాన్ని నిషేధించే చట్టం 1967 నుంచీ ఉన్నదన్న మాట కూడా ఒకరు ఎత్తారు, కాని చట్టం భయంతో నిర్ణయించుకోవద్దని, ఏది సరైనదో దాన్నిబట్టే నిర్ణయించుకుందామని ఒక పెద్దాయన అన్నప్పుడు అందరూ సరేనన్నారు. రాత్రి పొద్దుపోయేదాకా మాట్లాడుకొని, ఉమ్మడిగా పంచే చోట ప్రసంగం ఉండకూడదని, ఎవరి సంఘస్థులను వారు వేరుగా వెళ్లి పరామర్శించి ప్రార్థించవచ్చని తేల్చారు. ఆ రాత్రి వాదించకుండా బండి ఎక్కి ఉంటే ఆ తగాదా పంపిణీ దగ్గర, బాధితుల కళ్లముందు జరిగి ఉండేది.

సిద్ధాంతం పేరు పెట్టుకొని నడిచే గొడవలన్నీ సిద్ధాంతానివి కావన్న సంగతి కూడా చెప్పాలి. అపొస్తలుల కార్యములు పదిహేనవ అధ్యాయాన్ని మా ఉమ్మడి బైబిలు తరగతిలో చదివినప్పుడు నన్ను ఆపిన విషయం ఒకటి ఉంది. అన్యజనులకు సున్నతి అవసరమా అన్న అతి పెద్ద సిద్ధాంత వివాదాన్ని అక్కడ సభగా కూడి, సాక్ష్యాలు విని, ఉత్తరం రాసి తేల్చుకున్నారు. అదే అధ్యాయం చివర పౌలూ బర్నబా మార్కును వెంట తీసుకువెళ్లాలా వద్దా అన్నదాని మీద తీవ్రంగా పోట్లాడి విడిపోయారు. మా వైపు ఉమ్మడి క్రిస్మసు ఏర్పాట్లు చెడిపోయిన సందర్భాలు దాదాపు అన్నీ ఈ రెండవ రకానివే: ప్రసంగం ఎవరిది, ఒడియా పాటలెన్ని తెలుగు పాటలెన్ని, వేదిక మీద ఎవరి కుర్చీ ముందు, చందాల లెక్క ఎవరి దగ్గర. మరుసటి ఏడాది అడిగితే మాత్రం, వాళ్ల బోధ మనకు సరిపడదండీ అని చెబుతారు. నిజమైన బోధాభేదానికి ఇది చాలా అన్యాయం చేస్తుంది, ఎందుకంటే దాని గురించి మాట్లాడదామని ఎవరైనా నిజాయితీగా వచ్చినప్పుడు కూడా, ఇతనికి కుర్చీ కావాలేమోనన్న అనుమానమే ఎదురవుతుంది.

మమ్మల్ని అన్నిటికంటే గాయపరిచేది రెండోసారి బాప్తిస్మం పేరుతో కుటుంబాలను విడదీయడం. ఒక సహవాసంవారు మా సంఘంలోని ఒక కుటుంబం దగ్గరకు, ఇంటాయన పేపర్ మిల్లులో పనికి వెళ్లిన వేళల్లో వచ్చి, మీ సంఘం చచ్చిన సంఘమని, మీరు పొందినది చిలకరింపేనని, ఈ స్థితిలో చనిపోతే నరకమేనని చెప్పి, భార్యనూ పెద్దకూతురినీ నాగావళికి తీసుకువెళ్లి ముంచారు. ఆ ఇంట్లో అప్పటినుంచి కలిసి ప్రార్థన లేదు. ముంచడమే సరైన బాప్తిస్మమని వారు నమ్మడాన్ని నేను తప్పుపట్టను. మావయ్య నమ్మినది అదే. మావయ్య తన మాటను నా ముఖం ముందు, మా నాన్నగారు వింటుండగా చెప్పారు. మా అయ్యగారు ఎదురైతే ఆయనకూ అదే చెప్పేవారు. నమ్మకం ఒకటే అయినా, ఒకరు దాన్ని వెలుగులో పెట్టి చెప్పారు, మరొకరు ఇంటి పెద్ద లేని వేళ చూసి భయపెట్టి చెప్పారు. ఈ వ్యత్యాసం సిద్ధాంతంలో ఉన్నదానికంటే పెద్దదని నా నమ్మకం. మా సంఘపెద్దలు ఆ సహవాసం కాపరిని పిలిచి మాట్లాడాలని నేను చాలాసార్లు కోరాను. వాళ్లతో మనకేమిటి మాట అని అన్నవారితోనూ నేను ఏకీభవించను. మాట్లాడకపోతే ఆయన మన బోధను మన శత్రువుల నోటనే వింటాడు.

2008 ఆగస్టులో కందమాల్‌లో చెలరేగిన హింసలో కాథలిక్ దేవాలయాలూ, బాప్టిస్టుల మందిరాలూ, పెంతెకోస్తు ప్రార్థనాస్థలాలూ తగలబడ్డాయి. అప్పుడు మా జిల్లాలో అన్ని సంఘాల పెద్దలూ ఒక్కచోట కూర్చున్నారు. కొంతకాలానికి భయం తగ్గింది, రావడమూ తగ్గింది. అంతమంది ఒకచోట చేరిన ఆ రోజుల్లో, ఒకరి బాప్తిస్మాన్ని మరొకరు ఏమంటారు, ఒకరి సంఘస్థులను మరొకరు ఎలా చూడాలి అన్న సంగతులు మాట్లాడుకొని ఉంటే, తరువాత కలవడానికి భయం అవసరమయ్యేది కాదు. ఇప్పుడైనా ప్రతి ఏటా జనవరి 18 నుంచి 25 దాకా జరిగే క్రైస్తవ ఐక్యతా ప్రార్థన వారంలో ఒక సాయంత్రాన్ని ప్రార్థనకు బదులు సంభాషణకు కేటాయించి, ఒక్కొక్క సంఘం తన బాప్తిస్మ బోధను తన నోటితో వివరించేలా చేయాలని నా అభ్యర్థన. పాడడానికి మనకు ఇప్పటికే చాలా సందర్భాలు ఉన్నాయి.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మా అన్నయ్య కొడుకు ఇంట్లో పుట్టిన బిడ్డ. కోడలు గుణుపురం వైపు బాప్టిస్టుల అమ్మాయి. పెళ్లికి ముందు పెళ్లికొడుకు ముంచుడు బాప్తిస్మం పొందాలని వారి సంఘంలో కొందరు అడిగారు. అబ్బాయి తన బాప్తిస్మాన్ని కాదనలేనని మర్యాదగా చెప్పాడు. చివరికి వారి పాస్టరు గారు వాక్యం చెప్పగా మా అయ్యగారు ప్రమాణాలు చేయించారు. ఇప్పుడు బిడ్డ విషయంలో తాతలనాటి ప్రశ్నే మళ్లీ వచ్చింది. బిడ్డకు బాప్తిస్మం ఇప్పించాలని నేను నమ్ముతున్నాను, ఆ మాట అందరి ముందూ చెబుతాను. ప్రతిష్ఠ చేయించి, బాప్తిస్మాన్ని బిడ్డ పెద్దయ్యాక వదిలిపెట్టే మార్గాన్ని సిఎన్ఐ వంటి సంఘం తన బిడ్డలకు అనుమతిస్తున్నదని మా అయ్యగారికి నేనే గుర్తుచేశాను గాని, లూథరన్‌గా అది నాకు సులభంగా మింగుడుపడే మార్గం కాదు. మా అమ్మ నిలబడ్డట్టు ఈ అమ్మాయి నిలబడాలని అడిగే హక్కు నాకు లేదు, ఎందుకంటే అమ్మ అలా నిలబడడం తన ఇష్టంతో చేసినది. ఇద్దరు కాపరులూ కలిసి ఆ ఇంటికి వెళ్లి, ఒకరి ముందు మరొకరు తమ బోధ చెప్పి, ప్రశ్నలకు జవాబివ్వడానికి ఒప్పుకున్నారు. ఆ రోజు మొదట మాట్లాడే అవకాశం బిడ్డ తల్లికే ఇవ్వాలని రెండు కుటుంబాలూ ఇప్పటికే అంగీకరించాయి.